పోర్చి లైటు వెలుగుతోందా... బెల్లు కొట్టు!

ఏడాదంతా మూసి ఉండే తలుపులు ఆ ఒక్క సాయంత్రం తెరుచుకుంటాయి. ముక్కూమొహం తెలియని పిల్లలొచ్చి చెయ్యి చాపితే పెద్దలు నవ్వుతూ గుప్పెట్లో చాక్లెట్లు పోస్తారు. అమెరికావాళ్ల 'హాలోవీన్' సంబరమిది. ఆ సరదా ఇంకా ఉందా? ఉంటే ఏ వీధిలో ఉంది?

అమెరికాలో ఓ మామూలు వీధి. రెండు పక్కలా ఇళ్లు, ఇళ్ల ముందు కత్తిరించిన పచ్చిక. మనిషి అలికిడి మాత్రం ఉండదు. సాయంత్రం కారు వస్తుంది. గ్యారేజీ తలుపు దానంతటదే పైకి లేస్తుంది. కారు లోపలికెళ్లగానే తలుపు కిందికి దిగుతుంది. అంతే! ఎదురింట్లో ఉండేదెవరో ఏడాది తిరిగినా తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరమూ రాదు.

అక్టోబరు 31 సాయంత్రం మాత్రం ఆ వీధి వీధిలా ఉండదు. ఆరయ్యేసరికి ప్రతి గుమ్మం ముందూ కళ్లూ నోరూ చెక్కిన గుమ్మడికాయ, దాని కడుపులో మిణుకుమిణుకుమనే దీపం. చెట్టుకి వేలాడే అస్థిపంజరం, పచ్చికలో నాటిన అట్టముక్క సమాధులు, కిటికీ నిండా దూది సాలెగూళ్లు. వాటి మధ్య నుంచి బిలబిలమంటూ పిల్లలు. ముందు మూడేళ్ల స్పైడర్‌మ్యాన్, వెనకాల మంత్రగత్తె టోపీ పెట్టుకున్న అక్క, తోపుడుబండిలో గుమ్మడికాయ వేషంలో నిద్రపోతున్న చంటిది. వాళ్ల వెనక టార్చిలైట్లు పట్టుకుని అమ్మానాన్నలు. గుమ్మం దగ్గరికెళ్లి బెల్లు కొడతారు. తలుపు తెరుచుకోగానే అందరిదీ ఒకటే కేక...

"ట్రిక్ ఆర్ ట్రీట్!"

'పెడతావా... ఆట పట్టించమంటావా?' అని అర్థం. పెట్టకపోతే అల్లరి చేస్తామని బెదిరింపన్నమాట. బెదిరించే శాల్తీ రెండడుగుల ఎత్తుంటే నవ్వక ఏం చేస్తారు? గిన్నె ముందుకి చాపుతారు. చిన్న చెయ్యి అందులోకి వెళ్లి వస్తుంది. 'థాంక్యూ చెప్పావా?' అంటూ వెనక నుంచి అమ్మ గొంతు. గుంపు పక్కింటికి పరుగు.

ఇంత సందడి ఇంకా ఉందా అని అమెరికాలో ఏటా ఓ చర్చ నడుస్తుంది. 'మా చిన్నప్పటి సంక్రాంతి ఇప్పుడెక్కడిది' అని మనవాళ్లు నిట్టూర్చినట్టే 'మా చిన్నప్పటి హాలోవీన్ ఇప్పుడేదీ' అని అక్కడి తాతలూ అంటారు. మా వీధికి పిల్లలే రావడం లేదని ఒకరి బాధ. రెండొందల మంది వచ్చారు, చాక్లెట్లు చాల్లేదని ఇంకొకరి ఫిర్యాదు. ఇద్దరిదీ నిజమే! ఎలాగో తెలియాలంటే ముందు ఆ గుమ్మడికాయ కథ వినాలి.

టర్నిప్ దెయ్యం... గుమ్మడి దీపం!

ఐర్లండులోని మేయో కౌంటీలో, టర్లో పార్క్ అనే చోట జాతీయ గ్రామీణ జీవన ప్రదర్శనశాల ఉంది. అక్కడి వస్తువుల్లో గుడ్లురిమి పళ్లికిలించే ఓ ముఖం పిల్లల్నే కాదు, పెద్దల్నీ ఝడిపిస్తుంది. అది గుమ్మడికాయ కాదు, టర్నిప్ దుంప. డొనెగల్ ప్రాంతంలో చెక్కిన పాత దుంపకి పోతపోసిన నమూనా. హాలోవీన్ దీపాలకి మూలరూపం అదే.

పంటలు ఇంటికొచ్చి చలికాలం మొదలయ్యే సంధి సమయాన్ని పాతకాలపు కెల్టిక్ జాతులు 'సావిన్' పేరుతో జరుపుకునేవి. ఆ రాత్రి చనిపోయినవాళ్ల లోకానికీ బతికున్నవాళ్ల లోకానికీ మధ్య తెర పల్చబడుతుందని నమ్మకం. తర్వాత క్రైస్తవం వచ్చింది. నవంబరు 1 సకల పునీతుల పండగ అయింది. దాని ముందు రాత్రి 'ఆల్ హ్యాలోస్ ఈవ్'. ఆ పేరే నోళ్లలో నలిగి హాలోవీన్ అయింది. ఇంగ్లండులో పేదలు ఇంటింటికీ వెళ్లి, చనిపోయినవాళ్ల ఆత్మల కోసం ప్రార్థిస్తామని చెప్పి 'సోల్ కేకులు' అడిగి తీసుకునేవాళ్లు. స్కాట్లండు, ఐర్లండుల్లో పిల్లలు వేషాలేసుకుని బయల్దేరేవాళ్లు. స్కాట్లండులో దాన్ని 'గైజింగ్' అంటారు. అక్కడ ఊరికే చెయ్యి చాపితే కుదరదు. పాటో పద్యమో జోకో చెప్పాలి. చెబితేనే గింజలూ పళ్లూ!

మన పాతతరానికి ఈ మాట వినగానే ఇంకేదో గుర్తుకు రావాలి. దసరా వచ్చిందంటే కోస్తా ఊళ్లలో బడిపిల్లలు రంగుకాగితాలు చుట్టిన విల్లంబులు పట్టుకుని, అయ్యవారి వెంట ఇంటింటికీ వెళ్లి దసరా పద్యాలు పాడేవారు. అయ్యవారికి దక్షిణ, పిల్లలకి పప్పూబెల్లం. తెలంగాణ పల్లెల్లో హోలీ ముందు వెన్నెల రాత్రుల్లో కోలలు పట్టుకుని జాజిరి పాటలు పాడుతూ పిల్లలు గడప గడపకీ తిరిగేవారు. ఇంటివాళ్లు పైసలో గింజలో పెట్టి పంపేవారు. వేషం వేరు, భాష వేరు, ఊరు వేరు. పిల్లలొచ్చి గుమ్మంలో నిలబడితే వట్టి చేతులతో పంపకూడదన్న మర్యాద మాత్రం ఒకటే.

1840ల్లో బంగాళాదుంప పంట కుళ్లిపోయి ఐర్లండులో కరవొచ్చింది. లక్షలమంది ఓడలెక్కి అమెరికా చేరారు. పండగనీ వెంట తీసుకెళ్లారు. అక్కడ గుమ్మడికాయలు పుష్కలం. టర్నిప్‌కన్నా పెద్దవి, తొలవడం తేలిక. దుంప పోయి గుమ్మడికాయ వచ్చింది. చెడుని భయపెట్టడానికి గుమ్మంలో భయంకరమైన ముఖం పెట్టాలన్న ఆలోచన మనకీ కొత్తేం కాదు కదా... కొత్త ఇంటి ముందు మనం వేలాడదీసే దిష్టి గుమ్మడికాయ చేసే పనీ అదే!

ఆవులు రోడ్డెక్కిన ఊరు

అయితే అమెరికా హాలోవీన్ మొదట్నుంచీ ఇంత బుద్ధిమంతురాలేం కాదు. 20వ శతాబ్దం మొదట్లో ఆ రాత్రి కుర్రకారుది. గేట్లు పీకేయడం, కిటికీ అద్దాలకి సబ్బు పూయడం, పెరట్లో మరుగుదొడ్డి గదుల్ని పడదోయడం... ఇవీ వాళ్ల సరదాలు. 'ట్రిక్' అన్నమాట అప్పట్లో ఉత్తుత్తి బెదిరింపు కాదు.

మినియాపొలిస్‌కి ఉత్తరాన సుమారు 30 కిలోమీటర్ల దూరంలో మిసిసిపీ నది ఒడ్డున అనోకా అనే చిన్న పట్నం ఉంది. రమ్ అనే నది వచ్చి మిసిసిపీలో కలిసేది అక్కడే. హాలోవీన్ మర్నాడు లేచి చూస్తే మెయిన్ స్ట్రీట్‌లో ఆవులు తిరుగుతుండేవట. రాత్రికి రాత్రే కుర్రాళ్లు కొట్టాల్లోంచి విప్పి తోలేసేవాళ్లు. విసిగిపోయిన ఊరిపెద్దలు 1920లో ఓ ఉపాయం ఆలోచించారు. తిట్టి లాభం లేదు, పిల్లలకి అంతకన్నా పెద్ద సరదా చూపిద్దాం అనుకున్నారు. ఊరేగింపు పెట్టారు. వేషాలేసుకుని నడిచిన పిల్లలకి పేలాలూ వేరుసెనక్కాయలూ మిఠాయిలూ పంచారు. బ్రిడ్జి స్క్వేర్‌లో పెద్ద భోగిమంటలాంటిది వేశారు. ఆ తర్వాత ఆవులు కొట్టాల్లోనే ఉన్నాయి!

రెండో ప్రపంచయుద్ధం వేళ 1942, 43ల్లో ఊరేగింపు ఆగింది. అప్పుడు తప్పితే అనోకాలో దశాబ్దాలుగా ఈ వేడుక సాగుతూనే వచ్చింది. 'ప్రపంచ హాలోవీన్ రాజధాని' అని ఆ ఊరు సగర్వంగా చెప్పుకుంటుంది. జనాభా చూస్తే ఇరవై వేలు కూడా ఉండదు. అక్టోబరులో మాత్రం ఒకటి కాదు, మూడు ఊరేగింపులు. దీపాలతో రాత్రిపూట ఒకటి, ఊరంతా కదిలే పెద్దది ఒకటి, బడిపిల్లలు వేషాలతో నడిచేది ఇంకొకటి. ఆఖరిదాని పేరు ముచ్చటగా ఉంటుంది- 'చిన్నోళ్ల పెద్ద ఊరేగింపు'.

అక్కడి చలికి మాత్రం వేషాల మీద దయ ఉండదు. మినెసోటాలో సిండ్రెల్లా అయినా సూపర్‌మ్యాన్ అయినా ఉన్నికోటు వేసుకోవాల్సిందే. అందుకే గౌను కోటు మీద నుంచి పట్టేలా రెండు సైజులు పెద్దది కొంటారు. 1991 అక్టోబరు 31న అక్కడ మంచు మొదలై నాలుగో రోజుకి గానీ ఆగలేదు. జంటనగరాలైన మినియాపొలిస్, సెయింట్‌పాల్‌లలో 28.4 అంగుళాలు... అంటే నడుముకి కాస్త కిందుగా పడింది. ఆ సాయంత్రం మంచులోనే తిరిగి చాక్లెట్లు తెచ్చుకున్న పిల్లలు ఇప్పుడు నడివయసు వాళ్లు. ఆ రాత్రి గురించి అడిగితే చాలు... వాళ్లు కథ మొదలుపెడతారు, పక్కవాళ్లు కుర్చీ లాక్కుంటారు.

అనోకా ఊరేగింపుతో అల్లరిని మచ్చిక చేసుకుంటే, అయోవా రాష్ట్ర రాజధాని డెమోయిన్ జోకుతో చేసుకుంది. అక్కడా కుర్రాళ్ల ఆగడాలు శ్రుతిమించడంతో 1938లో పిల్లల కోసం వేరే రాత్రి పెట్టారు. దాని పేరు 'బెగ్గర్స్ నైట్'. ఎనభై ఏళ్లకు పైగా అక్టోబరు 30నే జరుపుకున్నారు. అక్కడ బెల్లు కొట్టిన పిల్లలు జోకు చెప్పాలి. అవే అస్థిపంజరం జోకులు, అవే దెయ్యం జోకులు. ఇంటాయన ఆ జోకు అరగంటలో అయిదోసారి వింటున్నా మొదటిసారి విన్నట్టు నవ్వాలి. అది ఆయన వంతు!

పక్కపక్క ఇళ్లు... గిన్నెనిండా మిఠాయి

'ట్రిక్ ఆర్ ట్రీట్' అనే మాట 1920ల నాటి కెనడా పత్రికల్లోనే కనిపిస్తుంది. అమెరికా అంతటా పాకింది మాత్రం యుద్ధం తర్వాతే. యుద్ధకాలంలో పంచదారకి రేషన్. 1947లో అది ఎత్తేశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే నగరాల చుట్టూ కొత్త కాలనీలు లేచాయి. ఒకేలాంటి ఇళ్లు, పక్కపక్కనే గుమ్మాలు, ప్రతి ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలు. ట్రిక్ ఆర్ ట్రీట్‌కి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఏముంటుంది! 1952లో వాల్ట్ డిస్నీ సంస్థ డొనాల్డ్ డక్‌తో ఇదే పేరున కార్టూన్ తీసింది. అంతకు రెండేళ్ల ముందే, 1950లో ఫిలడెల్ఫియాకి చెందిన ఓ జంట పిల్లల చేత చాక్లెట్లతోపాటు చిల్లర కూడా అడిగించి లోకంలోని పేదపిల్లల కోసం పంపింది. అదే తర్వాత యునిసెఫ్ డబ్బాల కార్యక్రమంగా స్థిరపడింది.

ఈ పండగకి రాసిపెట్టని చట్టం ఒకటుంది. పోర్చి లైటు వెలుగుతుంటే రమ్మని, ఆరిపోయి ఉంటే వద్దని. అంతే! ఎవరూ ఎవర్నీ పిలవరు. పేరు అడగరు. ఏ దేశం, ఏ మతం, ఏం చేస్తారు... ఏవీ అక్కర్లేదు. దీపం ఉందా, లేదా? అదొక్కటే ప్రశ్న.

భయం వచ్చి తలుపు తట్టింది

1970లు వచ్చేసరికి ఆ దీపాల మీద అనుమానం పడింది. చాక్లెట్లలో విషం పెడుతున్నారు, ఆపిల్ పళ్లలో బ్లేడు ముక్కలు దోపుతున్నారు అని వదంతులు. 1974లో టెక్సస్‌లో ఎనిమిదేళ్ల బాబు హాలోవీన్ మిఠాయి తిని చనిపోయాడు. దేశం వణికింది. తీరా దర్యాప్తులో తేలిందేమిటంటే... ఆ మిఠాయిలో సైనైడ్ కలిపింది ఊరివాళ్లు కాదు. బీమా డబ్బుకి ఆశపడ్డ కన్నతండ్రి! అతనికి 1984లో మరణశిక్ష అమలు చేశారు. ఈలోపు 1982లో షికాగో చుట్టుపక్కల ఎవరో తలనొప్పి మాత్రల సీసాల్లో సైనైడ్ కలపడంతో ఏడుగురు పోయారు. హాలోవీన్‌కి నెలరోజుల ముందు జరిగిందది. తల్లుల గుండెల్లో రాయి పడింది. పిల్లలు తెచ్చుకున్న చాక్లెట్లని కొన్ని ఆసుపత్రులు ఎక్స్‌రే తీసి ఇచ్చిన రోజులవి.

డెలావేర్ విశ్వవిద్యాలయానికి చెందిన సామాజికశాస్త్రవేత్త జోయెల్ బెస్ట్ ఈ భయం వెంటపడ్డారు. 1958 నుంచీ వచ్చిన వార్తలన్నీ దశాబ్దాలపాటు ఏరుకుంటూ వచ్చారు. ఇంటింటికీ తిరిగి తెచ్చుకున్న మిఠాయిలో అపరిచితులు ఏదో కలపడం వల్ల ఒక్క పిల్లాడైనా చనిపోయినట్టు, తీవ్రంగా గాయపడినట్టు రుజువైన సంఘటన ఆయనకి దొరకలేదు.

మరి భయపడాల్సిందేమీ లేదా? ఉంది. అది గిన్నెలో లేదు, రోడ్డు మీద ఉంది. 1975 నుంచి 2016 దాకా 42 ఏళ్ల ప్రమాదాల లెక్కలు తీసి పరిశోధకులు 2018లో ఓ నివేదిక ప్రచురించారు. ముందు వారం, తర్వాతి వారం అదే రోజు సాయంత్రాలతో పోలిస్తే హాలోవీన్ సాయంత్రం పాదచారులు వాహనాల కింద పడి చనిపోయే ముప్పు 43 శాతం ఎక్కువని తేలింది. నల్లబట్టల బాట్‌మ్యాన్ చీకట్లో రోడ్డు దాటుతుంటే డ్రైవరుకి ఎలా కనిపిస్తాడు? అందుకే తెలిసిన తల్లులు చాక్లెట్ల సంచికీ బూట్లకీ మెరిసే టేపు అతికిస్తారు. మెడలో వెలిగే గొట్టాల దండలు వేస్తారు. గడియారాల్ని గంట వెనక్కి తిప్పే తేదీని కూడా 2007 నుంచి నవంబరు మొదటి ఆదివారానికి జరిపారు. దాంతో హాలోవీన్ సాయంత్రానికి ఓ గంట వెలుగు కలిసొచ్చింది.

డిక్కీల పండగ

భయం ఊరికే పోదు. కొత్త ఆచారాన్ని కని పోతుంది. 1990ల్లో చర్చిల ఆవరణల్లో ఒకటి పుట్టింది. దాని పేరు 'ట్రంక్ ఆర్ ట్రీట్'. సాయంత్రం వేళ పార్కింగ్ స్థలంలో కార్లన్నీ వరసగా నిలబెడతారు. డిక్కీలు తెరిచి అలంకరిస్తారు. ఒకదాంట్లో ఓడదొంగల గుహ, ఇంకోదాంట్లో రాక్షసిబల్లి నోరు. పిల్లలు కారు నుంచి కారుకి నడుస్తూ చాక్లెట్లు తీసుకుంటారు. ట్రాఫిక్ ఉండదు. చీకటి ఉండదు. అరగంటలో సంచి నిండుతుంది. బళ్లూ పోలీసు శాఖలూ కూడా ఇప్పుడిలాంటివి పెడుతున్నాయి.

ఇది ఉత్త పిరికితనం అని కొట్టిపారేయడం తేలికే. కానీ ఇంటికీ ఇంటికీ మధ్య పొలాలుండే పల్లెల్లో పిల్లలు ఎన్ని గుమ్మాలెక్కగలరు? చక్రాల కుర్చీలో ఉండే పాప మెట్లెక్కి బెల్లెలా కొడుతుంది? అలాంటివాళ్లకి డిక్కీల వరసే వీధి. కాకపోతే ఒకటుంది. అక్కడ కారు దగ్గర నిలబడేవాళ్లు ముందే తెలిసినవాళ్లు. తెలియని తలుపు ముందు నిలబడి, లోపల అడుగుల చప్పుడు వింటూ, ఎవరొస్తారో అని ఊపిరి బిగబట్టే ఆ అరనిమిషం పార్కింగ్ స్థలంలో దొరకదు.

ఉన్న వీధుల్లోనూ లెక్కలు మారాయి. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయిన కాలనీల్లో ముసలి దంపతులు గిన్నె నింపుకుని కూర్చుంటే ఇద్దరు ముగ్గురు వస్తారు. ఇళ్లు దగ్గరగా ఉండి, నడవడానికి కాలిబాట ఉండి, గుమ్మాలు బాగా అలంకరించే వీధి ఏదైనా ఉంటే పక్క కాలనీల వాళ్లూ పిల్లల్ని కార్లలో తీసుకొచ్చి అక్కడ దింపుతారు. ఒకచోట వెలవెల, ఇంకోచోట కిటకిట. పైన చెప్పిన ఇద్దరి ఫిర్యాదులూ నిజమేనన్నది ఇందుకే.

పెద్దపిల్లల సంగతి ఇంకో తంటా. మీసాలొచ్చే కుర్రాడు బెల్లు కొడితే పెట్టాలా వద్దా? వర్జీనియాలోని చెసపీక్ నగరంలో పన్నెండేళ్లు దాటినవాళ్లు ట్రిక్ ఆర్ ట్రీట్‌కి వెళ్తే జైలు అని ఓ పాత నిబంధన ఉండేది. అందరూ నవ్వేసరికి 2019లో జైలు మాట తీసేసి, వయసు పద్నాలుగుకి పెంచారు. 'ఆ వయసులో ఊరిమీద పడి తిరగకుండా చాక్లెట్ అడుగుతున్నాడంటే సంతోషించాలి గానీ' అని వాదించే తల్లులూ చాలామందే ఉన్నారు.

2020లో కరోనా వచ్చింది. చేతికి చెయ్యి తగిలేలా మిఠాయి పంచడం ఎక్కువ ప్రమాదం ఉన్న పని అని ఆరోగ్యశాఖ అధికారులు హెచ్చరించారు. పండగ ఆగిపోవాల్సింది. కానీ ఇంట్లో ఉన్న నాన్నలు గొట్టాలు కోసి, మెట్ల కమ్మీలకి కట్టి, నారింజరంగు కాగితాలు చుట్టారు. పైనుంచి చాక్లెట్ వదిలితే ఆరడుగుల కింద పిల్లాడి సంచిలో పడుతుంది! పండగ మీద ఇష్టం లేనివాళ్లు చేసే పనేనా అది?

జాతీయ రిటైల్ వ్యాపారుల సమాఖ్య సర్వే చూసినా అదే అనిపిస్తుంది. 2023లో నూటికి 73 మంది హాలోవీన్‌ని ఏదో ఒక రకంగా జరుపుకుంటామన్నారు. అందులో మూడింట రెండొంతులమంది ఇంటికొచ్చిన పిల్లలకి మిఠాయి పంచుతామన్నారు. ఆ ఏడాది పండగ ఖర్చు అంచనా 1,220 కోట్ల డాలర్లు. మంత్రగత్తెల పేరుతో 1692లో 19 మందిని ఉరితీసిన మసాచుసెట్స్‌లోని సేలం పట్నానికి అక్టోబరులో జనం పోటెత్తుతారు. హోటల్ గదులు నెలల ముందే నిండిపోతాయి. అవన్నీ టికెట్ల హాలోవీన్. వీధిలోదానికి టికెట్ లేదు.

అమ్మమ్మ గుప్పెడు

టెక్సస్‌లోని ఫ్రిస్కో, న్యూజెర్సీలోని ఎడిసన్ లాంటి ఊళ్లలో ఇప్పుడు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడేవాళ్లలో తెలుగువాళ్లూ ఎందరో. కొన్ని ఇళ్లలో అక్టోబరు మొదట్లో బొమ్మల కొలువు, ఆఖర్లో గుమ్మడికాయలు. 2024లో అయితే దీపావళీ హాలోవీనూ ఒకే రోజు పడ్డాయి. గడపకి ఓ పక్క ప్రమిదలు, ఇంకో పక్క గుమ్మడి దీపం. లక్ష్మీపూజకి తలుపు తెరిచే ఉంచారు. లోపలికి ముందు డ్రాక్యులా వచ్చాడు!

కొత్తగా వెళ్లిన కుటుంబాలకి మొదటి ఏడాది తికమకే. 'దెయ్యాల పండగ మనకెందుకు?' అంటారు కొందరు. 'అడుక్కోవడమేంటి, ఇంట్లో చాక్లెట్లు లేవా?' అంటారు ఇంకొందరు. బళ్లో పిల్లలందరూ వేషాల గురించే మాట్లాడుకుంటుంటే ఆ మాట ఎన్నాళ్లు నిలుస్తుంది? ఇంట్లో ఉన్న కృష్ణుడి కిరీటమో ఝాన్సీరాణి కత్తో పెట్టుకుని బయల్దేరిన పిల్లలూ ఉంటారు. తిరిగొచ్చాక హాల్లో చాపేసి సంచి బోర్లిస్తారు. అప్పుడు మొదలవుతుంది అసలు బేరం. రెండు కిట్‌క్యాట్‌లకి ఒక స్నికర్స్. రీసెస్ మాత్రం ఇచ్చేది లేదు! పక్కన కూర్చున్న అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని రేపర్లు చదువుతుంది. శాకాహారుల ఇళ్లలో ఇది తప్పదు. జెల్లీ మిఠాయిల్లో, మార్ష్‌మాలోల్లో జెలటిన్ ఉంటుంది. అవన్నీ ఓ పక్కకి. వేరుసెనగ పడని పిల్లలున్న ఇంట్లో ఇంకో కుప్ప. అలాంటి పిల్లల కోసమే కొన్ని గుమ్మాల ముందు నీలం ఆకుపచ్చ కలిసిన రంగులో గుమ్మడికాయ కనిపిస్తుంది. ఇక్కడ తినే వస్తువులు కాకుండా బొమ్మలో స్టిక్కర్లో ఇస్తాం, మీరూ రండి అని దానర్థం. 2014 నుంచి దేశమంతా వ్యాపించిన మంచి అలవాటది.

మనవల్ని చూసుకోవడానికి వెళ్లిన అమ్మమ్మలకి ఈ పండగ మిగతావాళ్లకన్నా త్వరగా అర్థమవుతుంది. ఇంగ్లిషు రాదని పార్కులో కూడా ఎవరితోనూ మాట్లాడనివాళ్లు ఆ సాయంత్రం కుర్చీ గుమ్మంలో వేయించుకుంటారు. మనిషికి ఒకటే ఇవ్వమని కూతురు చెప్పి వెళ్తుంది. గుమ్మంలోకొచ్చిన పిల్లాడికి ఒకటేమిటి! గుప్పెడు తీసి సంచిలో పోస్తారు. 'ఇంకోటి తీసుకో నాన్నా' అంటారు. అది ఏ భాషో ఆ పిల్లాడికి తెలియదు. అర్థం మాత్రం అవుతుంది. ఏడున్నరకల్లా మూడు సంచుల చాక్లెట్లూ ఖాళీ. అల్లుడు కారు తీసుకుని కొట్టుకి పరుగు.

మర్నాడు ఉదయం చెత్తడబ్బా బయటపెట్టేటప్పుడు ఎదురింటావిడ చెయ్యూపుతుంది. 'మీ పులిపిల్ల బావుంది' అంటుంది. అంతకుముందు రెండేళ్లు ఆ ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. అమెరికా వెళ్లిన కుటుంబం ఆ వీధిదయ్యేది ఇల్లు కొన్నరోజున కాదు, ఇలాంటి ఉదయానే.

ఇక్కడ హైదరాబాద్‌లోనూ కొన్ని గేటెడ్ కమ్యూనిటీల్లో పిల్లలు అక్టోబరు ఆఖర్లో మంత్రగత్తె టోపీలు పెట్టుకుని ఫ్లాట్ల తలుపులు తడుతున్నారు. పరాయి పండగ అని కొందరికి చిరాకు. దసరా పద్యాల పిల్లలు మాత్రం ఏ గుమ్మానికీ రావడం లేదు. ఒకటి వచ్చినందువల్ల రెండోది పోలేదు. అది ఎప్పుడో పోయింది, మనమే గమనించలేదు.

ఇంతకీ కుటుంబాలకి ఆ సరదా ఉందా? ఉంది. ఎక్కడ దీపాలు వరసగా వెలుగుతాయో అక్కడ నిక్షేపంలా ఉంది. ఒక్క దీపంతో పండగవదు. ఒకే ఇంటికోసం పిల్లలు వీధంతా నడవరు. నాలుగిళ్లు చీకటైతే అయిదో ఇంటికీ బెల్లు మోగదు. కొందరు గిన్నె గుమ్మంలో పెట్టి, 'ఒక్కటే తీసుకోండి' అని చీటీ అంటించి, కెమెరాలో చూస్తూ లోపలే ఉండిపోతారు. మిఠాయి అందుతుంది. మనిషే అందడు.

ఎనిమిదవుతుంది. చిన్నపిల్లలు ఇళ్లకెళ్లిపోతారు. గుమ్మడికాయల్లో దీపాలు కొడిగడతాయి. వీధి చివరింట్లో ఓ పెద్దాయన గిన్నె ఒళ్లో పెట్టుకుని ఇంకా కూర్చునే ఉంటాడు. ఇక లైటు ఆర్పేద్దామని లేస్తాడు. అంతలో మెట్ల మీద చిన్న చిన్న అడుగుల చప్పుడు. దారిలో నిద్రపోయి ఇప్పుడే లేచిన ఓ గుమ్మడికాయ, నాన్న చెయ్యి పట్టుకుని నిలబడి ఉంటుంది. నేర్చుకున్న మూడు మాటల్లో ఒకటే గుర్తుంటుంది.

"ట్రీట్!"

గిన్నె మొత్తం ఆ సంచిలోకే.